చిన్నప్ప నడక వరస

పుంగనూరు మునిసిపల్ ఆఫీసు రికార్డు రూములో కుసుమ ఎవరినీ ఇంటి నంబరు అడిగేది కాదు. పాత ఇంటిపన్ను ఫైలుకు నకలు కావాలని వచ్చినవాడు నంబరు రాసిన చీటీ పట్టుకుని నిలబడేవాడు. ఆమె ఆ చీటీ వంక చూడకుండానే, "మీ ఇంటికి ముందర యెవురి ఇల్లు వస్తాది?" అనేది.

ముందర కంసాలి గంగులప్ప ఇల్లని అతను చెప్పేవాడు. దాటినాక? దాటినాక పిండిమర. పిండిమర పక్కన రాతిమెట్లు ఇంకా ఉన్నాయా, తీసేశారా? తీసేసి షట్టరు పెట్టారు. ఎవరు పెట్టారు, పెద్దకొడుకా చిన్నకొడుకా? చిన్నకొడుకే, దాని మీద అన్నదమ్ములకు మాటల్లేవు. ఇలా రెండు వీధులు మాటల్లోనే తిరిగి వచ్చాక కుసుమ లేచి, ఏదో ఒక అలమారా దగ్గరికి పోయి, చెయ్యి పెట్టి ఒక కట్ట లాగేది. ఫైలు అందులో ఉండేది. వచ్చినవాడు బయటికి పోయి, ఆయమ్మ తలకాయ కంప్యూటరు అని చెప్పుకునేవాడు.

ఆమె తలకాయ అందరి తలకాయలాంటిదే. అక్కడి కట్టలు ఒక బిల్ కలెక్టరు నడిచిన వరసలో ఉన్నాయి. ఆ బిల్ కలెక్టరు ఆమె తండ్రి. అంతకు మించి మాయ లేదు.

రికార్డు రూములు జాతి జ్ఞాపకాలని సభల్లో చెప్పేవాళ్ళు రికార్డు రూములో ఒక పూట కూర్చున్నవాళ్ళు కారు. అక్కడ ఉండేది దుమ్ము, చెదపురుగు, నాఫ్తలీన్ ఉండల వాసన, ఇంటిపన్ను. పుంగనూరు కాగితాలను ఎవరి కాలంలో వాళ్ళు తమకు తోచినట్టు సర్దుకున్నారు. జమీందారీ నాటివాళ్ళు పంటల లెక్కన నడిచే ఫసలీ సంవత్సరాల వారీగా ఎర్రగుడ్డ మూటలు కట్టారు. పంచాయతీ గుమాస్తాలు వచ్చి ఆ మూటలు విప్పి ఇంగ్లీషు సంవత్సరాల కిందికి మార్చారు. మునిసిపాలిటీ అయ్యాక ఎప్పటికీ ఉంచాల్సినవి, పదేళ్ళకు చింపాల్సినవి, ఏడాదికే చింపాల్సినవి అని మూడు రకాలు చేసి, ఒక్కో కట్టకు ఒక అట్టముక్క కట్టారు. చింపాల్సినవాటిని చింపే ధైర్యం ఏ గుమాస్తాకూ రాలేదు. చింపితే సంతకం పెట్టాలి. సంతకం పెడితే రేపు జవాబు చెప్పుకోవాలి.

తర్వాత ఒక తుఫాను ఏడాది వానకు కట్టలన్నీ నానిపోయాయి. అట్టముక్కల మీది సిరా కారిపోయింది. ఫైళ్ళను వరండాలో ఎండబెడితే గాలి వాటిని కలిపేసింది. వాటిని మళ్ళీ ఎత్తి సర్దే పని చిన్నప్ప మీద పడింది. ఆయన అంతవరకూ బిల్ కలెక్టరు. మోకాలు పాడై సైకిలు తొక్కలేక, రికార్డు రూముకు మారిన కొత్త. ఇండ్ల నంబర్లు అప్పటికే రెండుసార్లు మారాయి కాబట్టి ఆయన ఏ నంబరునూ నమ్మలేదు. పొద్దున బస్టాండు దగ్గర మొదలై మధ్యాహ్నానికి ఆఫీసు చేరే తన వసూలు నడకను నమ్మాడు. అదే వరసలో ఒక్కో ఇల్లూ తలుచుకుంటూ అలమారాలు నింపుకుంటూ పోయాడు. రూలు ప్రకారం అది తప్పు. పైవాళ్ళు మందలించారు కూడా. అయితే అడిగిన ఫైలును అడిగిన వెంటనే తెచ్చిచ్చే మనిషిని ఎన్నాళ్ళని మందలిస్తారు?

కుసుమ కాలేజీ సెలవుల్లో తండ్రికి క్యారియర్ తీసుకుపోయేది. ఆయన అన్నం తింటూ ఊరంతా నడిపించేవాడు. ఎడమ పక్క ఎవరు, కుడి పక్క ఎవరు, మలుపులో ఎవరు అని. ఆయన ఉద్యోగంలో ఉండగానే పోతే కారుణ్య నియామకం కింద ఆ కుర్చీ ఆమెకు వచ్చింది. కుర్చీతో పాటు నడకా వచ్చింది.

ఆమెకు పెళ్ళి కూడా అయింది. రాజగోపాల్‌ది వెంకటగిరికోట. అక్కడ ఎరువుల దుకాణం. ఆమె బదిలీ పెట్టుకుని వస్తుందని ఆయన, ఆయన దుకాణం ఇటు మారుస్తాడని ఆమె అనుకున్నారు. వి.కోట అని పిలిచే ఆ ఊర్లో మునిసిపాలిటీ లేదు. పుంగనూరులో ఎరువుల దుకాణాలకు కొదవ లేదు. మొదట్లో ప్రతి శనివారం వచ్చేవాడు. తర్వాత పండగలకు వచ్చేవాడు. తర్వాత ఫోను చేసేవాడు. కొట్లాట జరగలేదు, విడాకులూ జరగలేదు. ఎవరైనా అడిగితే, "ఆయప్ప ఆడ ఉండాడు, నేనీడ ఉండా" అనేది. అందులో అబద్ధం లేదు.

ఇంట్లో గ్యాసు బండ తెచ్చేవాడు వస్తే తప్ప ఆమె నోరు విప్పే అవసరం రాదు. పిండిమర అన్నదమ్ముల తగాదా, పాతపేటలో ఎవరి మిద్దె మీద ఎవరు సెల్ టవరు పెట్టించారన్నది, గాజుల వీధిలో వేపచెట్టు ఎందుకు కొట్టేశారన్నది, అన్నీ ఆమెకు ఫైలు కోసం వచ్చినవాళ్ళ నోటనే తెలిసేవి. నంబరు అడిగితే జనం నాలుగు అంకెలు చెప్పి నోరు మూసుకుంటారు. ముందరి ఇల్లు అడిగితే మాట్లాడతారు. నంబర్ల ప్రకారం ఒక జాబితా తయారు చెయ్యాలని ఆమెకు చాలాసార్లు తోచింది. చెయ్యలేదు. తీరిక లేదని చెప్పేది. తీరిక తప్ప ఆమె దగ్గర వేరే ఏమీ లేదు.

అలాంటి సమయంలో పాత ఫైళ్ళన్నీ స్కాన్ చేసి, ఇంటి నంబర్లతో కంప్యూటర్లోకి ఎక్కించాలని ఉత్తర్వు వచ్చింది. మొదటిరోజు ఒక ముఖ్య అతిథి వచ్చి గుమ్మానికి కట్టిన రిబ్బను కత్తిరించాడు. వారసత్వ సంపద అన్నాడు, భావి తరాలు అన్నాడు, లోపలికి రెండడుగులు వేసి గట్టిగా తుమ్మి, కారెక్కి వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళాక మేనేజరు మునిచంద్ర కుసుమను పిలిచి సంతోషంగా ఒక సంగతి చెప్పాడు.

"ఇది అయిపోతే నీకు ఈ దుమ్ము పీడ వదిలిపోతాది కుసుమమ్మా. ఇంక లోపలికి ఎవురూ వచ్చే పనుండదు. బయట కౌంటర్లోనే నంబరు కొడతారు, ప్రింటు తీసిస్తారు. నువ్వు నిమ్మళంగా కూసోవచ్చు."

"మంచిది సార్" అంది కుసుమ.

స్కానరుతో వచ్చిన అమ్మాయి పేరు హరిత. సొంతవూరు కలకడ. ఉండేది మదనపల్లెలో ఒక లేడీస్ హాస్టలు. రోజూ పొద్దున్నే బస్సులో వచ్చి సాయంత్రం పోతుంది. కాంట్రాక్టు ఉద్యోగం. మదనపల్లెలో ఇదే పని ముగించుకుని వచ్చింది. ఆడ నంబర్ల వరసన ఉండాయి మేడం, గబగబా అయిపోయింది అని చెప్పింది. రెండో రోజుకు పిలుపులో మేడం పోయి అక్క వచ్చింది. పని మాత్రం ముందుకు పోలేదు.

పోకుండా చూసింది కుసుమే. ఒక్కో ఫైలూ చేతికి తీసుకుని, ఆ ఇంటి ముచ్చట మొదలుపెట్టేది. ఈయప్పకు ఇద్దరు పెండ్లాలు, రెండో ఆమె పేరిట వెనక గది. ఈ ఇంటి వాళ్ళు బొమ్మలు చేసి అమ్మేవాళ్ళు, ఇప్పుడు బెంగుళూరులో బేకరీ. హరిత ఒక చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని, రెండో చెవితో వినేది. ఆ పిల్ల గర్వం మనిషి కాదు. ఆమెకు కావలసింది వేరు, అంతే.

"కత తరవాత సెప్పక్కా. ఫైల్లోది పాత నంబరు, ఇప్పుటి నంబరు సెప్పు."

"నంబరు నాకేం తెలుసమ్మే. ఇల్లు తెలుసు."

అది సగం నిజం. ఎన్నో ఇండ్ల ఇప్పటి నంబర్లు ఆమెకు తెలుసు. చెబితే పని అయిపోతుంది. పని అయిపోతే కౌంటర్లో ప్రింటు, లోపల తాళం. కుసుమ ఈ లెక్క ఎవరికీ చెప్పలేదు. రిటైరయ్యే దాకా ఈ ఒక్క గదిలో ఈ మాటలు మిగిలితే చాలనుకుంది. హరిత తేలిగ్గా ఒక మాట అంది. "అట్లయితే ఇంటికాడికే పోదాం పా అక్కా. తలుపు మీద నంబరు ఉంటాది కదా, ఫోటో తీసుకుందాం. నువ్వు ముందర నడువు, నేను వెనకాల వస్తా."

కుసుమ ఇది ఊహించలేదు. కాదనడానికి కారణమూ దొరకలేదు.

మర్నాడు బస్టాండు నుంచి బయల్దేరారు. ఇన్నేళ్ళుగా ఊరంతా మనసులో తిరిగిన మనిషి కాళ్ళతో తిరిగింది ఇంటి నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి కూరగాయల అంగడికి మాత్రమే. కంసాలి గంగులప్ప ఇల్లు ఉన్నచోట మొబైలు దుకాణం ఉంది. ఇది తెలిసిన సంగతే. వింతగా తోచింది వేరొకటి. రికార్డు రూములో నిలబడి గంటసేపు తన ఇంటి గొడవలన్నీ చెప్పుకున్న మనిషి వీధిలో ఆమెను గుర్తుపట్టలేదు. పిండిమర చిన్నకొడుకు సర్వేకు వచ్చారనుకుని లోపలికి పోయి ఆధార్ కార్డు పట్టుకొచ్చాడు. "నేనప్పా, కాగితాల కుసుమను" అంటే, ఓహో అని తల ఊపి, ఆధార్ కార్డు జేబులో పెట్టుకుని, తర్వాత గిరాకీ వైపు తిరిగాడు. ఆయన తమ్ముడో అన్నో అన్నది ఆమెకు తెలుసు. ఆమె ఎవరన్నది ఆయనకు తెలియదు.

అయినా ఆ నడక ఆమెకు నచ్చింది. పక్కన ఒక మనిషి ఉంది. మధ్యాహ్నం ఇద్దరూ ఒక చిన్న హోటల్లో కూర్చుని సంగటి తిన్నారు. ఇంత మాట్లాడతావు కదా, ఇంట్లో ఎవరితో మాట్లాడతావని హరిత అడిగింది.

"టీవీతో" అంది కుసుమ. "నా కంటే అదే ఎక్కువ మాట్లాడతాది. నాకు సందియ్యదు."

హరిత పొరపోయేటంతగా నవ్వింది. ఆ నవ్వు కుసుమకు మూడు వీధుల దాకా సరిపోయింది.

గాజుల వీధి దాటాక, మసీదు వైపు మలుపు తిరిగే ముందు, ఎడమ చేతి పక్క ఒక సన్న సందు ఉంది. కుసుమ ఆగకుండా ముందుకు పోయింది. వెనక అడుగుల చప్పుడు లేకపోయేసరికి తిరిగి చూసింది. హరిత సందు మొగదాల నిలబడి ఉంది.

"ఆడేమీ లేదమ్మే, రా."

"ఇండ్లుండాయి కదక్కా."

"ఇండ్లుండాయిలే. మనకాడ ఫైళ్ళు లేవు."

అది ఆమె చాలా ఏళ్ళుగా ఆ సందు వాళ్ళకు చెబుతున్న మాటే. హరిత అప్పటికే మొదటి తలుపు మీది నంబరు ఫోటో తీస్తోంది. కుసుమకు వెనక్కి రాక తప్పలేదు.

సందు చివర గోడ అడ్డం. గోడకు ఆనుకుని ఒక ఇల్లు, పైన రేకుల గది. అరుగు మీద ఒక ముసలామె చింతపండులో గింజలు తీస్తోంది. పేరు హమీదా. ఆ రోజంతా తిరిగిన ఊర్లో కుసుమను చూడగానే పోల్చుకున్న మనిషి ఆమె ఒక్కతే.

"కాగితాల కుసుమమ్మవు కదా నువ్వు" అంది. కూర్చోమని పీట జరిపింది. మామ చనిపోయాక ఇల్లు తమ పేరిటికి మార్పించుకోవడానికి పాత ఫైలు నకలు కావాలని తాను రికార్డు రూముకు వచ్చిన సంగతి చెప్పుకొచ్చింది. గొంతులో కోపం లేదు. ఎవరిదో పెళ్ళి ముచ్చట చెప్పినట్టు చెప్పింది. "ముందర యెవురి ఇల్లంటివి, పక్కన యెవురి ఇల్లంటివి. మా ఆడబిడ్డ సంగతి గూడా సెప్పించుకుంటివి. అంతా ఇని, మీ సందు మా కాగితాల్లో లేదు హమీదాబీ అని పంపిచ్చేస్తివి. లేకపోతే లేదనుకో. పన్ను నోటీసు మాత్రం యేల వస్తాదమ్మా ప్రతి ఏడూ?"

హరిత నవ్వబోయి కుసుమ ముఖం చూసి ఆగిపోయింది.

ఇల్లు ఇప్పటికీ చచ్చిపోయిన మామ పేరిటే ఉంది. కొడుకు జాహిద్ పెళ్ళికి ముందు పైన గట్టి గది ఒకటి వేద్దామని లోనుకు పోతే, బ్యాంకువాళ్ళు పేరు మార్పిడి కాగితం తెమ్మన్నారు. తేలేక రేకులు వేసుకున్నారు. ఎండాకాలం ఆ గదిలో కోడలు పడుకోలేకపోతుందట.

మా నాయన మీ సందుకు వచ్చేవాడు కాదా అని కుసుమ అడిగింది. ఆ ప్రశ్న ఎప్పుడో అడగాల్సింది.

"చిన్నప్పా? ఈడ మొగదాల నిలబడి సైకిలు బెల్లు కొట్టేటోడు. లోపలికి రాడు. వస్తే మళ్ళా అదే దారిన ఎనక్కి పోవల్ల కదా, మోకాలు నొప్పి అనేటోడు. మా మామే ఆఫీసుకు పోయి కట్టేసి వచ్చేటోడు. ఈ సందోళ్ళంతా అంతే."

తిరుగుదారిలో కుసుమ తండ్రి నడకను మొదటి నుంచీ తలుచుకుంది. ఆయన వరస ముందుకు పోయే వరస. అవతల దారి లేని సందులోకి పోతే వరస తెగుతుంది. కాలేజీ సెలవుల్లో ఆయనతో మాటల్లో తిరిగిన వీధుల్లో ఒక్కటంటే ఒక్కటి గోడతో ఆగిపోయింది లేదని ఆమెకు ఇప్పుడు తట్టింది. మరి ఆ ఇండ్ల ఫైళ్ళు ఎక్కడికి పోతాయి? ఆయన ఎవరిని ఎక్కడ కలిశాడో అక్కడే కదా పెడతాడు. ఈ సందువాళ్ళను ఆయన కలిసింది ఆఫీసులో. నడకలో ఆఖరు మజిలీ ఆఫీసే.

చివరి అలమారా పై అరలో కొన్ని కట్టలున్నాయి. ఆఫీసు తర్వాత ఇండ్లేమీ లేవు కాబట్టి, అవి ఆఫీసు కట్టడం మరమ్మతుల కాగితాలని ఆమె మొదటి నుంచీ అనుకుంది. ఎన్నడూ విప్పలేదు. హరిత స్టూలెక్కి దించింది. హమీదా మామ ఫైలు రెండో కట్టలోనే ఉంది. దాని కిందా పైనా ఊర్లోని గోడ అడ్డమున్న సందులన్నీ ఉన్నాయి.

"దొరికింది కదక్కా, ఇంకేంది?" అంది హరిత, దుమ్ము దులుపుకుంటూ.

దొరికింది. లేదని ఎంతమందికి చెప్పిందో మాత్రం ఎక్కడా దొరకదు. లేదన్న మాటకు ఫైలుండదు. వాళ్ళందరినీ ముందరి ఇల్లూ పక్క ఇల్లూ అడిగింది. ఆడబిడ్డల సంగతులు చెప్పించుకుంది. మాట్లాడినంతసేపు మాట్లాడించుకుని ఉత్త చేతులతో పంపేసింది. తండ్రికి మోకాలు నొప్పి. తనకు ఏ నొప్పీ లేదు, నంబర్ల జాబితా ఒకటి రాసుకుని ఉంటే ఈ సందులు మొదటి ఏడాదే బయటపడేవి. గోడ అడ్డముందని నంబరు ఆగదు. తండ్రి మీద ఆమెకు కోపం రాలేదు, జాలీ కలగలేదు. పూజగదిలో పెట్టిన ఆయన ఫోటోకు ఆ సాయంత్రం కూడా మామూలుగానే అగరొత్తి వెలిగించింది. ఆలోచించింది మాత్రం తన గురించి.

మర్నాటి నుంచి పని పరుగెత్తింది. కుసుమ ఫైలు తీసి, నంబరు చెప్పి, పక్కన పెట్టేది. తెలియనివి ఫోటోల్లో చూసి చెప్పేది. ఇయర్‌ఫోను తీసి పక్కన పెట్టిన హరితకు ఒకసారి విసుగు పుట్టి, ఈ ఇంటికి కత లేదా అక్కా అని అడిగింది.

"లేదు. రాసుకో" అంది కుసుమ.

హమీదా ఫైలు నకలును మునిచంద్ర సంతకంతో, సీలుతో ఆమె చేతులారా తీసుకుపోయి ఇచ్చింది. హమీదా టీ ఇచ్చింది. నమాజు వేళయ్యేదాకా ఇద్దరూ కూర్చుని చింతగింజలు తీశారు. అటు తర్వాత పేరు మార్పిడి జరిగిపోయిందని తెలిసింది. మళ్ళీ ఒకసారి పోదామని కుసుమ రెండు మూడు ఆదివారాలు చీర మార్చుకుంది కూడా. కానీ పోవడానికి పనేమీ లేదు. పని లేకుండా ఒకరింటికి పోవడం ఆమెకు అలవాటు లేదు. వచ్చినవాళ్ళను అడగడమే తప్ప, తానై పోయి చెప్పడానికి ఆమె దగ్గర ముచ్చట్లు లేవు.

స్కానింగు ముగిసింది. హరిత ఫోను చేస్తానని చెప్పి బస్సెక్కింది. చేసింది కూడా, ఒకసారి. "స్కానరు వైరు ఆడ మర్చిపోయినానా అక్కా?" అని. కుసుమ గదంతా వెతికింది. లేదు. బాగా వెతుకు అంటుందేమోనని ఫోను చెవి దగ్గరే పెట్టుకుంది. హరిత సరేలే అక్కా అని పెట్టేసింది. కౌంటర్లో జనం నంబరు చెప్పి, ప్రింటు తీసుకుని పోతున్నారు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. పాత రోజులే బాగున్నాయని అటెండరు ఒకడు ఆమె మెప్పు కోసం అన్నాడు. అవేమీ బాగా లేవప్పా అని ఆమె కచ్చితంగా చెప్పింది.

తర్వాత మునిచంద్ర సిఫారసు మీద ఆమెకు కుప్పం డిప్యుటేషను పడింది. కుప్పం కొత్త మునిసిపాలిటీ. పంచాయతీ నాటి కాగితాలు సంచుల్లో ఉన్నాయి, సర్దేవాళ్ళు కావాలి. కుప్పం బస్సు వి.కోట మీదుగానే పోతుంది. అక్కడ కాసేపు ఆగింది. కిటికీలోంచి దుకాణం బోర్డు కనిపించింది. రాజగోపాల్ ఎవరో రైతుకు బస్తా తూచి ఇస్తున్నాడు. జుట్టు బాగా పలచబడింది. దిగితే దిగవచ్చు. కండక్టరు విజిలేశాడు.

కుప్పంలో రైల్వే స్టేషను వైపు ఒక గది అద్దెకు తీసుకుంది. ఆఫీసులో వెనక గది తాళం తీసి, సంచులు చూపించి, మీకు ఎట్ల వీలైతే అట్ల సర్దుకోండి మేడం అన్నారు.

ఎట్ల వీలైతే అట్ల. ఆ మాట విని కుసుమ సంచుల మధ్య కూర్చుంది. ఇక్కడ ఏ వరసా లేదు. ఆమె ఏది పెడితే అదే వరస. రోజూ సాయంత్రం కొంత ఊరు తిరిగి, తన నడక ఒకటి తయారు చేసుకుని, ఆ ప్రకారం అలమారాలు నింపితే ఎవరూ అడ్డం చెప్పరు. రిటైరయ్యే దాకా కుప్పం కుప్పమంతా ఆ గదికి రావాలి. తెలుగూ తమిళమూ కలిపి, ముందరి ఇల్లు ఎవరిదో, వెనక ఇల్లు ఎవరిదో, షట్టరు ఎవరు పెట్టించారో చెప్పాలి. ఆ మాటలు ఆమెకు ఇప్పుడే వినబడుతున్నాయి. లేచి మొదటి సంచి మూతి విప్పింది. పైనున్న ఫైలు తీసి, మూల రాసి ఉన్న పాత నంబరు చదివి, తెల్లకాగితం మీద అదే రాసింది.

పాత నంబర్లకు కొత్త నంబర్లు సరిచూసుకోవాలి కాబట్టి మధ్యాహ్నాలు వీధులు పట్టుకుని తిరుగుతోంది. ఇప్పుడు వెనకాల నడిచేవాళ్ళు లేరు. ఒక్క సందూ వదలదు. ముఖ్యంగా అవతల దారి లేని సందులను వదలదు. గోడ దాకా పోయి, చివరి తలుపు మీది నంబరు రాసుకుని, వెనక్కి వస్తుంది.

మొన్న అలాంటి సందు చివర ఒకామె మిద్దె మెట్ల మీద బట్టలు ఆరేస్తూ కనిపించింది. వచ్చి తలుపు ముందు నిలబడిన మనిషిని ఎగాదిగా చూసింది.

"యెవురు కావాలమ్మా?"

"యెవురూ వద్దమ్మా" అంది కుసుమ. "నంబరు రాసుకుంటాండా."

ఆమె మిగతా బట్టలు ఆరేసి లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఆ తలుపు మీద నంబరు స్పష్టంగా ఉంది. కుసుమ దాన్ని రాసుకుని, వచ్చిన దారినే వెనక్కి నడిచింది.